"ఏమీ లేదు" అన్న మాట తరువాత

ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళు విశ్రాంతిగా ఉన్నప్పుడు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి పీలుస్తారు. పదిహేను అని లెక్కవేసుకున్నా రోజుకు 21,600 సార్లు. ఈ లెక్క ఎవరూ పెట్టుకోరు, పెట్టుకోవలసిన అవసరమూ లేదు. మనం నిద్రపోతున్నా, వంట చేస్తున్నా, పిల్లలను మందలిస్తున్నా ఆ పని దానంతటదే జరిగిపోతుంది. మనిషికి అల్లాహ్ ప్రసాదించిన వరాలలో ఇంతగా మరపున పడే వరం మరొకటి లేదేమో.

మన ఇళ్ళలో ఊపిరిని 'దమ్' అంటారు. ఉబ్బసాన్ని 'దమా' అంటారు. పసిబిడ్డ ఏడుపు మానకపోతే పెద్దవాళ్ళు దుఆ చదివి ఊదుతారు, దాన్ని 'దమ్ చేయడం' అంటారు. అరబీలో 'నఫస్' అంటే శ్వాస, 'నఫ్స్' అంటే ప్రాణం, మనిషి తనదనుకునే లోపలి ఉనికి. రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టిన మాటలు. శ్వాసకూ మనసుకూ ఉన్న ఈ దగ్గరి బంధుత్వం నాకు గ్రంథాల ద్వారా కాక, నా ఇరవై రెండవ ఏట నా ఒంటి ద్వారా తెలిసివచ్చింది. ఆ అనుభవాన్ని ఇప్పుడు రాయడానికి కారణం ఉంది. గత రెండేళ్ళలో మా బంధువుల ఇళ్ళలోనే ముగ్గురు యువతీ యువకులు ఇదే బాధతో నా దగ్గరకు వచ్చారు. ముగ్గురి చేతుల్లోనూ పరీక్షల కాగితాల కట్టలున్నాయి. ముగ్గురికీ వైద్యులు చెప్పిన మాట ఒక్కటే: "ఏమీ లేదు."

2021 మే నెలలో కరోనా రెండవ ఉధృతి మా కర్నూలును కూడా ముంచెత్తింది. మా పెద్ద మామూకు జ్వరం వచ్చింది. ఆసుపత్రుల్లో పడకలు దొరకని రోజులు. ఇంట్లోనే ఉంచి చూసుకున్నాం. ఇంట్లో చదువుకున్నదాన్ని నేనే కాబట్టి గంటకోసారి ఆయన వేలికి ఆక్సిమీటరు తొడిగి, వచ్చిన అంకెను నోటుపుస్తకంలో రాసే పని నాకు అప్పగించారు. 95. 94. 94. 92. ఆ తరువాత 89. పడక దొరికేసరికి 84. మూడవ రోజున ఆయన అల్లాహ్ సన్నిధికి చేరారు. జనాజాను ఇంటికి తీసుకురానివ్వలేదు. ఆ పుస్తకం మాత్రం నా చేతిరాతతో మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆక్సిమీటరు అలమారాలో, మందుల డబ్బా పక్కన ఉండిపోయింది.

ఆరు నెలలు గడిచాయి. నేను బి.ఎడ్. చదువుతున్నాను. నవంబరులో ఒక సాయంత్రం తరగతి పాఠం రాసుకుంటూ ఉండగా, పీల్చిన ఊపిరి ఎక్కడో సగంలో ఆగిపోయినట్టు అనిపించింది. నిండుగా ఒక శ్వాస తీసుకుంటే సర్దుకుంటుందనుకున్నాను. తీసుకున్నాను. సర్దుకోలేదు. ఇంకొకటి. అదీ అడుగుదాకా వెళ్ళలేదు. ఆవులింత వస్తే కాస్త హాయిగా ఉండేది, అందుకని బలవంతంగా ఆవులించేదాన్ని. రాత్రికి పెదవుల చుట్టూ చీమలు పాకినట్టు తిమ్మిరి మొదలైంది. వేళ్ళు మొద్దుబారాయి. గుండె దడదడలాడింది. అలమారా తెరిచి ఆక్సిమీటరు తీశాను. 98. నమ్మకం కలగలేదు. వేలు మార్చాను. 99. అది చెడిపోయి ఉంటుందనుకున్నాను.

ఆ రాత్రి తరువాత నాలుగు నెలలు నా జీవితం ఆ చిన్న పరికరం చుట్టూ తిరిగింది. రోజుకు ముప్పై, నలభై సార్లు చూసుకునేదాన్ని. నిద్రపట్టే క్షణంలో ఊపిరి ఆగిపోతుందేమోనన్న భయంతో ఉలిక్కిపడి లేచేదాన్ని. ఫోనులో రోగాల పేర్లు వెదికితే, ప్రతి పేరు కింద ఉన్న లక్షణాలన్నీ నావే అనిపించేవి. నమాజును కూర్చుని చేయసాగాను, రుకూలో తల తిరిగి పడిపోతానని. నఖాబు కట్టుకుంటే గాలి ఆడదన్న భయం పట్టుకుని బయటకు వెళ్ళడం తగ్గించాను. కళాశాల హాజరు పడిపోయింది. పరీక్ష రుసుము కట్టవలసిన రోజు వచ్చి, దాటిపోయింది.

ఇంట్లోవాళ్ళు చూస్తూ ఊరుకోలేదు. ఆ మాట చెప్పి తీరాలి. అబ్బా నన్ను రెండు ఆసుపత్రులకు తిప్పారు. ఛాతీ ఎక్స్‌రే తీశారు, ఇ.సి.జి. తీశారు, గుండెకు ఎకో పరీక్ష చేశారు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. ఒక పెద్ద డాక్టరు కాగితాలు తిరగేసి, నా ముఖం వైపు చూడకుండానే అబ్బాతో, "ఏమీ లేదండీ, పెళ్ళి చేసేయండి, అన్నీ సర్దుకుంటాయి" అన్నారు.

"ఏమీ లేదు" అన్న మాట ఒకే నోటి నుంచి వచ్చినా రెండు చెవులకు రెండు విధాలుగా వినిపిస్తుంది. ఇంటివాళ్ళకు "ఈ అమ్మాయి నటిస్తోంది" అని వినిపిస్తుంది. బాధపడే మనిషికి "అసలు జబ్బు వీళ్ళకు దొరకలేదు" అని వినిపిస్తుంది. రెండూ తప్పు అర్థాలే. కానీ మూడవ అర్థం ఉందని చెప్పేవాళ్ళు లేనప్పుడు ఈ రెండే మిగులుతాయి. ఆ మాట విన్న రోజు నుంచి ఇంట్లో నా మీద జాలి తగ్గింది, నాలో భయం పెరిగింది.

నానీ దిష్టి అన్నారు. ప్రతి మగ్రిబ్ తరువాత నా తల మీద చెయ్యి వేసి, చదివి దమ్ చేసేవారు. ఆ కాసేపు మాత్రం నాకు నిజంగానే హాయిగా ఉండేది. అది ఎందుకో తరువాత అర్థమైంది. ఒక ఖాలా మాత్రం, "ఈమాన్ బలంగా ఉన్నవాళ్ళకు ఇంత చావు భయం ఎందుకుంటుంది? ఇది వస్‌వసా" అన్నారు. ఆ మాట ఊపిరాడకపోవడం కన్నా ఎక్కువగా బాధించింది. అమ్మీ దిగులు వేరు. అప్పటికే నంద్యాల నుంచి ఒక సంబంధం మాటల్లో ఉంది. "పిల్లకు ఆయాసమట అని ఒక్కసారి పేరు పడిందంటే ఇక ఎవరు వస్తారు? వాళ్ళు వచ్చి వెళ్ళేదాకా ఎవరికీ చెప్పకండి" అని అబ్బాను బతిమాలుకుంది.

2022 ఫిబ్రవరిలో మా పిన్నమ్మ తెలిసినవారి ద్వారా మరొక వైద్యురాలి దగ్గరకు తీసుకువెళ్ళింది. ఆమె మొదట కాగితాలు చూడలేదు. "ఎప్పుడు మొదలైంది? ఆ ఏడాది ఇంట్లో ఏమైనా జరిగిందా?" అని అడిగారు. నేను మామూ గురించి, ఆ నోటుపుస్తకం గురించి చెప్పాను. ఆ పుస్తకం సంగతి అంతవరకు ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. తరువాత ఆమె నా కనురెప్పను కిందికి లాగి చూసి, రక్తపరీక్ష రాశారు. ఎక్స్‌రేలూ ఎకోలూ తీసిన చోట్ల ఆ మామూలు పరీక్ష ఎవరూ చేయించలేదు. హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. ఆడవాళ్ళకు కనీసం 12 ఉండాలి.

"అమ్మా, నీకు రెండు ఉన్నాయి," అన్నారు ఆమె. "ఒకటి రక్తహీనత. దానివల్ల మెట్లెక్కితే ఆయాసం, గుండె దడ, నీరసం వస్తాయి. అది మందుతో పోతుంది. రెండవది, కూర్చుని ఉండగా ఊపిరి చాలనట్టు అనిపించడం. అది కూడా నిజమే. నువ్వు కల్పించుకున్నది కాదు. కాకపోతే దాని కారణం నువ్వు అనుకుంటున్నది కాదు."

ఆ తరువాత ఆమె పది నిమిషాలు చెప్పిన సంగతి నా జీవితాన్ని నిలబెట్టింది. భయం కలిగినప్పుడు శరీరం అపాయం నుంచి పరుగెత్తడానికి సిద్ధపడుతుంది. ఊపిరి వేగంగా, లోతుగా సాగుతుంది. నిజంగా పరుగెత్తితే ఆ గాలి ఖర్చవుతుంది. కూర్చుని ఉన్న మనిషి అలా పీల్చితే, రక్తంలోని బొగ్గుపులుసు వాయువు, అంటే కార్బన్ డయాక్సైడ్, ఉండవలసిన దానికన్నా ఎక్కువగా బయటకు పోతుంది. అది తగ్గినప్పుడు మెదడుకు వెళ్ళే రక్తనాళాలు కొద్దిగా సన్నబడి తల తిరుగుతుంది. రక్తంలో క్షారగుణం పెరిగి, నరాలకు అందవలసిన కాల్షియం లెక్క మారి, పెదవులకూ వేళ్ళకూ తిమ్మిరి వస్తుంది. ప్రాణవాయువు మాత్రం నిండుగానే ఉంటుంది. ఆక్సిమీటరు 98 చూపించింది అందుకే. అది చెడిపోలేదు. నిండిన కుండలో ఇంకా నీళ్ళు పోయబోతే ఎలా పట్టవో, గాలి నిండిన ఛాతీలోకి ఇంకా పీల్చబోతే అలాగే పట్టదు. పట్టలేదు కాబట్టి ఊపిరి అందడం లేదనిపిస్తుంది. అందడం లేదనిపించి ఇంకా పీలుస్తాం. గానుగెద్దులా అక్కడక్కడే తిరుగుతాం.

ఆమె నఖాబు సంగతి కూడా అక్కడే తేల్చారు. "కట్టుకో, వేలికి ఇది పెట్టుకో, పది నిమిషాలు కూర్చో" అన్నారు. పది నిమిషాల తరువాత కూడా 98. ఆమె ఏమీ వాదించలేదు, నన్నే చదవమన్నారు.

ఇది ఈనాటి కొత్త జబ్బేమీ కాదు. 1871లో జేకబ్ డకోస్టా అనే అమెరికా వైద్యుడు అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికుల గురించి రాశాడు. యువకులు, దృఢకాయులు, అయినా ఆయాసం, గుండె దడ, ఛాతీనొప్పితో బాధపడేవారు. గుండెను పరీక్షిస్తే లోపం కనిపించేది కాదు. వాళ్ళను పిరికివాళ్ళనడానికి వీలు లేదు, యుద్ధభూమి నుంచి వచ్చినవాళ్ళు. అంతకు వెయ్యేళ్ళ దగ్గరగా ముందు, బల్ఖ్ ప్రాంతంలో పుట్టిన అబూ జైద్ అల్‌బల్ఖీ (మరణం క్రీ.శ. 934) దేహానికీ ఆత్మకూ కలిపి ఒకే ఆరోగ్య గ్రంథం రాశారు. అందులో కోపం, భయం, దుఃఖం, మనసును వదలని వస్‌వసాలు అనే నాలుగింటికి వేరు వేరుగా అధ్యాయాలు కేటాయించి, వాటిని చికిత్స ఉన్న బాధలుగా చర్చించారు. ఒక ముస్లిం పండితుడు పదకొండు వందల ఏళ్ళ క్రితమే వైద్యం అవసరమని గుర్తించిన దాన్ని, మనం నేడు ఈమాన్ కొలబద్దతో కొలిచి ఒక పిల్లను తలవంచుకునేలా చేయడం న్యాయమా? జబ్బుకు చికిత్స చేయించుకోమని ప్రవక్త మహనీయులు (సఅసం) బోధించిన సంగతి మనకు తెలిసినదే. ఆ బోధనలో ఛాతీ ఎక్స్‌రేలో కనబడే జబ్బులే అన్న షరతు లేదు.

నా చికిత్స పెద్ద చికిత్స కాదు. ఐరన్ మాత్రలు కొన్ని నెలలు వాడాను. మాత్ర మింగిన వెంటనే, భోజనం కాగానే చాయ్ తాగడం మానమన్నారు, చాయ్ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు కాబట్టి. మా ఇంట్లో ఆ మాట అమలు చేయడం మందు మింగడం కన్నా కష్టమైంది. ఆక్సిమీటరును అబ్బా దగ్గర ఉంచారు. మొదటి వారం రోజుకు మూడుసార్లు, రెండవ వారం ఒకసారి, తరువాత లేదు. ఫోనులో రోగాల వెదుకులాట పూర్తిగా బంద్. రోజూ అరగంట నడక. ఊపిరి బిగుసుకున్నప్పుడు లోతుగా పీల్చడానికి బదులు, ముక్కుతో మెల్లగా నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలడం. వదలడం పొడవైతే గుండె వేగం తగ్గుతుంది. కాగితపు సంచిలో ఊపిరి పీల్చే పాత చిట్కాను మాత్రం చేయవద్దన్నారు, కారణం నిజంగా గుండెదో ఊపిరితిత్తులదో అయితే అది ప్రమాదకరం.

నానీ దమ్ చేసినప్పుడు ఎందుకు హాయిగా ఉండేదో నాకు అప్పుడు తెలిసింది. ఆ సమయంలో నేను నా ఊపిరిని గమనించడం మానేసి ఆమె గొంతును వినేదాన్ని. గట్టిగా, తజ్వీద్‌తో ఖుర్ఆన్ పారాయణం చేసేటప్పుడు కూడా అంతే. మనం చదివేది ఊపిరి వదులుతూనే కదా. పొడవుగా వదిలి, చిన్నగా పీల్చి, మళ్ళీ పొడవుగా వదలడం. ఇబాదత్ ఉద్దేశం ఇది కాదని నాకు తెలుసు. కానీ భయపడిన నా ఛాతీకి అది మేలు చేసిన మాట నిజం. ఆ ఏడు రమజానులో నిలబడి నమాజు చేశాను.

ఇక సంబంధం సంగతి. నంద్యాలవాళ్ళు వచ్చే ముందురోజు అబ్బా అమ్మీతో, "దాచిపెట్టి పంపితే, అక్కడ మొదటిసారి ఊపిరి ఆడనప్పుడు పిల్ల ఎవరికి చెప్పుకుంటుంది?" అన్నారు. అమ్మీ జవాబు చెప్పలేదు. అబ్బా వాళ్ళకు ఉన్నదున్నట్టు చెప్పారు, డాక్టరు కాగితం చూపించారు. వాళ్ళు మర్యాదగా విన్నారు, భోజనం చేశారు, మళ్ళీ ఫోను చేయలేదు. అమ్మీ చాలా రోజులు మాట్లాడలేదు. మరుసటి ఏడాది పరీక్షలు రాసి నేను బడిలో చేరాను. 2024లో నా నికాహ్ జరిగింది. అప్పుడు కూడా అబ్బా అదే విషయం చెప్పారు. మా అత్తగారు విని, "మా పెద్దబ్బాయికీ కరోనా తరువాత ఏడాదిపాటు ఇదే, మేము ఎవరికీ చెప్పలేదు" అన్నారు. ఇప్పటికీ ఏడాదికి రెండు మూడుసార్లు ఆ బిగువు వస్తుంది. వచ్చినప్పుడు ఆ ఇంట్లో చెప్పుకోగలుగుతున్నాను. అల్‌హమ్దులిల్లాహ్.

ఇది చదివే తల్లులకూ అక్కలకూ ఒక మనవి. ఆయాసమంటే భయమేనని ముందే తేల్చేయకండి. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఉబ్బసం, థైరాయిడ్, క్షయ, చిన్ననాటి కీళ్ళజ్వరం వల్ల దెబ్బతిన్న గుండె కవాటాలు, ఇవన్నీ యువతలో ఆయాసానికి కారణాలే. కాబట్టి మొదట వైద్యునికి చూపించండి, రక్తపరీక్ష తప్పక చేయించండి. పెదవులు నీలంగా మారినా, ఛాతీలో నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, దగ్గులో రక్తం పడినా, ఒక కాలు మాత్రమే వాచినా, వెల్లకిల పడుకుంటే ఊపిరాడకపోయినా, మాట పూర్తిచేయలేనంత ఆయాసం ఉన్నా, గర్భవతికి గానీ బాలింతకు గానీ హఠాత్తుగా ఆయాసం వచ్చినా ఒక్క క్షణం ఆలస్యం చేయకుండా 108కి ఫోను చేయండి. అప్పుడు ఈ వ్యాసంలోని శ్వాస పద్ధతులేవీ పనికిరావు.

పరీక్షలన్నీ బాగున్నాయని తెలిసిన తరువాత మాత్రం మళ్ళీ మళ్ళీ కొత్త పరీక్షలు చేయిస్తూ తిరగకండి. ఒక్కొక్క పరీక్ష ఒక్క వారం ధైర్యమిస్తుంది, ఎనిమిదవ రోజున భయం తిరిగి వస్తుంది. ఒకే వైద్యుణ్ణి నమ్మి, మనసుకు సంబంధించిన వైద్యం అవసరమంటే సిగ్గుపడకుండా చేయించండి. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో కూడా దొరుకుతుంది. మా బంధువుల పిల్లలు ముగ్గురిలో ఒకడు ఆ నంబరుకే మొదట ఫోను చేశాడు. ఇంట్లో చెప్పడానికి అతనికి మరో నెల పట్టింది.

ఆ నెల మన ఇళ్ళలో తగ్గాలి. పిల్లవాడు "ఊపిరి ఆడడం లేదు" అన్నప్పుడు "ఏమీ లేదు" అనే ముందు, "ఎప్పటి నుంచి? దేని గురించి భయపడుతున్నావు?" అని పక్కన కూర్చుని అడగండి. నన్ను ఆ వైద్యురాలు అడిగినవి కూడా అలాంటి ప్రశ్నలే. వాటికి డబ్బు ఖర్చు కాదు.